గంటబండిల నీళ్లు

ఆ రోజుల్లో జనానికి నిప్పంటే అంత భయం లేదు, ఫైరింజనంటేనే భయం. ఇల్లు అంటుకుంటే ముందు సామాన్లు బయటేసుకునేటోళ్లు, మా గంట వినబడంగనే అవి బండి కింద పడకుండ ఇంకో దిక్కు గుంజుకునేటోళ్లు. వాళ్ల తప్పేం లేదు. మేం పోయేసరికి ఆర్పనీకి బూడిద తప్ప ఏముండేది? అంత ఘనమైన దఫ్తరుల, మీసం సరిగ రాని వయసుల, నేను నౌకరికి చేరిన. చేరిన ఏడాదే ఒంటిచేత్తో నలభై ఇండ్లను మంటల నుంచి కాపాడిన. (నలభై అన్ననా? రాసేటప్పుడు చెయ్యి జారుతది. ఒక్క గుడిసె. అది కూడ నేను కాపాడలేదు. చెప్త.)

మా పెద్దసారును చాటుకు గంటసారు అనేటోళ్లం. మంటలార్పుడు కన్న ఆయనకు గంట కొట్టుడే ఇష్టం. చాయ్ తాగనీకి పోయినా గంట కొట్టుకుంటనే పోయేటోడు. ఒక ఎండకాలం ఆయనకు ఊర్లల్ల జనానికి బుద్ధి చెప్పాలె అనిపించింది. గడ్డి కుప్ప ముట్టిచ్చి, అందరి ముందట ఆర్పి చూపియ్యాలె. ట్యాంకి నింపే పని నాది. "నిండిందారా?" అని పొద్దున అడిగిండు. "అంచుదాక సార్" అన్న, మూత తియ్యకనే. నిన్న నింపిన నీళ్లు తెల్లారేసరికి ఏడికి పోతయి?

ఊరి నడిమిట్ల బండెక్కి ఉపన్యాసం దంచిన. "వంటయినంక పొయ్యిల నిప్పు చల్లార్పుండ్రి. గాలి లేసినప్పుడు పొయ్యి ముట్టియ్యకుండ్రి. ఇంటి ముందట నీళ్ల గోలెం ఎప్పుడూ నిండుగ ఉండాలె, సమజైందా?" (మాటలు మంచియే. చెప్పిన మొఖమే మంచిది కాదు.) ఎదురుంగ ఒక్క బర్రెను నమ్ముకొని బతికే పాలవ్వ గుడిసె. దాన్ని ఆనుకొని, వానలు పడేదాక బర్రెకు సరిపొయ్యే గడ్డివాము. "బిడ్డా, గాలి మా దిక్కే కొడుతాంది. జర అవతల ముట్టియ్యుండ్రి" అన్నది అవ్వ. గంటసారు నవ్విండు. "నిప్పు గురించి మాకే నేర్పుతున్నవా అవ్వా? పోయి నీడకు కూసో."

ఆ నీడ కూడ కాలేటట్టే అయింది. కిరసనాయిలు పోసి ముట్టిచ్చిన కుప్ప నుంచి మండే గడ్డి లేసి పోయి వాము మీద పడ్డది. నేను పైపు పట్టుకొని రొమ్ము విరుచుకొని నిలబడ్డ. డ్రైవర్ పంపు తిప్పిండు. పైపు రెండుసార్లు దగ్గింది, గుక్కెడు తుప్పునీళ్లు కక్కింది, ఊరుకుంది. ఏం చెయ్యాల్నో తోచక గంటసారు గంట కొట్టిండు. "నా బర్రె ఏం తినాలె! నా గుడిసె!" అని అవ్వ ఉరికింది. అప్పుడు లేసిండ్రు ఆడోళ్లు. బర్లకని బియ్యం కడిగిన నీళ్లు, గంజి పోసిపెట్టే కుడితి గోలెం ఇంటింటి ముందట ఉంటది గదా, అండ్లకెల్లి ముంచుకొని వాము మీద, గుడిసె మీద, నడుమ అడ్డం నిలబడ్డ నా మీద కొట్టిండ్రు. సగం వాము పోయింది, గుడిసె నిలిచింది. అవ్వ ఆయాసపడుకుంట నా ముందటికి వచ్చింది. "మమ్ముల గోలెం నింపుకోమంటివి గదా కొడుకా, నీ గోలెం ఎవలు తాగిండ్రు?"

ట్యాంకికి చిల్లి పడ్డదని గంటసారు పైకి రాసిండు. మెకానిక్ వచ్చి మూడు దినాలు వెతికి, లేని చిల్లిని దొరికిచ్చుకొని, దానికి మాటు కూడ వేసిండు. (ఆ దఫ్తరు గురించి ఇంతకన్న చెప్పేదేం లేదు.) నేనైతే మా నాయిన కల్లం నుంచి బండెడు గడ్డి తెచ్చి అవ్వకు వేసిన. (నాలుగు మోపులు. మిగిలింది ఊరోళ్లే వేసిండ్రు.)

నీళ్లేమైనయని అడిగినోళ్లకు ఇన్నేండ్లు ఒకటే చెప్పిన: కరువు రోజులు, వాడకట్టంత బిందెలు తెచ్చుకొని బతిమాలితే జాలిపడి పట్టిచ్చిన అని. ఉత్తదే. ముందు రోజు సాయంత్రం వచ్చింది ఒక్కతే, మా మేనమామ బిడ్డ. ట్యాంకి కింది నల్లా తిప్పి రెండు బిందెలు నింపి ఇచ్చిన. నెత్తిన ఒకటి, సంకన ఒకటి పెట్టుకొని, పోతా పోతా వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపుకు నల్లా సంగతే మరిచిన. ట్యాంకెడు నీళ్లు ఎండిన నేల తాగింది. ఊరి నుంచి తిరిగొచ్చినంక, ఎవరూ చూడకుండ నల్లా మూసింది కూడ నేనే.

పెండ్లయి యాభై ఏండ్లు దాటినంక మొన్న అడిగిన, "ఆనాడు నన్నెందుకు చూసినవే?" అని.

"నిన్నెవలు చూసిండ్రు? నల్లా బంద్ చేసినవో లేదో అని చూసిన."

"మరి చెప్పకపోతివి?"

"చెప్దామనే తిరిగిన. నువ్వు నోరు తెరుసుకొని నిలబడ్డవు. నాకు సిగ్గయింది."

అని లేసి, నేను అప్పుడే చేతులు కడుక్కొచ్చిన నల్లా చూసిరానీకి పోయింది. పోతా పోతా వెనక్కి తిరిగి చూసింది. ఈసారి నేను నోరు మూసుకున్న.