ప్రేమకుమారికి దొరికిన సంఖ్య

భట్టిప్రోలు ప్రేమకుమారి తెనాలిలో ఒక ఇంటర్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. సంఖ్యల మీద పరిశోధన చెయ్యాలని ఎమ్మెస్సీ చదివింది. ఉద్యోగంలో చేరిన రోజే ప్రిన్సిపాల్ బసవేశ్వరరావు ఆమె ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేశాడు. మానేస్తానన్నప్పుడల్లా, "ఈ బ్యాచ్ అయిపోనివ్వమ్మా" అనేవాడు. బ్యాచ్ వెనక బ్యాచ్ వస్తూనే ఉంది. సూత్రం ఎందుకలా వచ్చిందో చెప్పే తీరిక లేదు. జవాబు గుర్తుపట్టే చిట్కాలే రోజంతా.

ఒక ఉదయం కాలేజీకి వెళ్ళే రైల్లో సీటు దొరికితే, పాత ప్రశ్నపత్రం వెనక పది కోట్ల ఒకటిని పదిహేడుతో భాగించింది. శేషం లేకుండా 58,82,353 వచ్చింది. ఏమీ తోచక దాన్ని 588, 2353 అని రెండు ముక్కలు చేసి, రెండిటి వర్గాలూ కూడింది. మళ్ళీ 58,82,353 వచ్చింది! తప్పేమోనని ఇంకోసారి చేసింది. అదే. వేమూరు స్టేషన్ ఎప్పుడు దాటిందో తెలియలేదు.

క్లాసులో బోర్డు మీద వేసి చూపించింది.

"అన్ని సంఖ్యలకీ ఇలా వస్తుందా మేడం?" అని తనూజ అనే అమ్మాయి లేచి నిలబడింది.

"రాదమ్మా. చాలా అరుదు."

అంతలో బోర్డు పైన కెమెరా పక్కనున్న స్పీకర్లోంచి ప్రిన్సిపాల్ గొంతు: "మేడం, అది సిలబస్‌లో ఉందాండి?"

కెమెరా వైపు చూడకుండా బోర్డు తుడిచేసింది.

ఆ నెలలోనే బాపట్లలో ఒక డిగ్రీ కాలేజీకి లెక్చరర్ కావాలని తెలిసింది. జ్వరమని చెప్పి ఇంటర్వ్యూకి వెళ్ళింది. "ఈమధ్య మీకు బాగా నచ్చిన లెక్క చెప్పండి" అన్నారు అక్కడి పెద్దావిడ. ప్రేమకుమారి ఆ సంఖ్యే వేసింది. ఆవిడ కుర్చీలోంచి లేచొచ్చి, వర్గాలు స్వయంగా కట్టి చూసుకున్నారు.

"ఇది ప్రధాన సంఖ్యేనా అమ్మా?"

"ఇంకా తేల్చలేదండి. పదహారుతో భాగిస్తే ఒకటి మిగిలే ప్రధాన సంఖ్యలే దీన్ని భాగించగలవు. 2425 లోపు వాటిని చూస్తే చాలండి."

"చూసి చెప్పండి. సోమవారం ఒరిజినల్స్ తెచ్చి చేరిపోండి."

మర్నాడు ప్రిన్సిపాల్ నవ్వుతూ అడిగాడు: "బాపట్ల గాలికి జ్వరం తగ్గిందామ్మా?"

"సర్టిఫికెట్లు ఇప్పించండి సార్. అవి నావి."

"మీవే. ఎక్కడికీ పోవు. పబ్లిక్ పరీక్షలయ్యాక చూద్దాం."

బెల్లు కొట్టేదాకా ఆ బీరువా ముందే నిలబడింది. తర్వాత క్లాసుకి వెళ్ళింది. సోమవారం గడిచిపోయింది. బాపట్ల నుంచి ఫోన్ చేసిన పెద్దావిడ, వేరే ఆయన్ని తీసుకున్నామని బాధపడుతూ చెప్పారు.

వారం వారం పెట్టే పరీక్షల్లో డ్యూటీ టీచర్లు కూర్చోకూడదు. బెంచీల మధ్య నడుస్తూ ప్రేమకుమారి మనసులోనే భాగహారాలు చేసుకునేది. ఒక శనివారం, 2425 లోపు చూడాల్సిన వాటిలో చివరిది కూడా 58,82,353ని భాగించలేదని తేలింది. ప్రధాన సంఖ్యే. ఎవరికి చెప్పాలో తెలియక తనలో తనే నవ్వుకుంది.

"ప్రేమకుమారి మేడం, ఏంటి నవ్వుతున్నారు? పిల్లల్ని చూడండి" అంది స్పీకరు.

ఆమె తల దించుకుని రెండో వరుసలోకి నడిచింది.