ఒక వానకు రెండు తారీఖులు

ఆ రోజు పొద్దున ఎనిమిదిన్నరకు హీరాలాల్ వాన కొలిచే డబ్బా మూత తీసి, లోపలి సీసాను కొలత గ్లాసులోకి వంచాడు. మే నెల. పదిహేను రోజులుగా ఆకాశంలో మబ్బుతునక లేదు. సీసాలోంచి ఒక ఎండిన చీమ తప్ప ఏమీ రాలలేదు. అయినా గ్లాసును కంటి ఎత్తున పట్టుకుని చూశాడు, భుజం మీది తువ్వాలతో తుడిచాడు, కిటికీ దగ్గరికొచ్చి "సున్నా, బిడ్డా" అన్నాడు.

"చీమను గూడ ఎక్కియ్యాల్నా కాకా?" అంది లోపల కంప్యూటరు ముందు కూర్చున్న వైశాలి.

"చీమలు పశువుల డాక్టరు లెక్కల వస్తయి. మనది వాన లెక్క."

తన మాటకు తనే నవ్వుకుంటూ చాయ్ తాగడానికి బస్టాండు వైపు వెళ్ళాడు. మధ్యాహ్నానికి దవాఖాన నుంచి కబురొచ్చింది. గుండె ఆగిందట. యాభై ఆరేళ్ల మనిషి.

హీరాలాల్ బాన్సువాడ ఎమ్మార్వో ఆఫీసులో అటెండరు. నస్రుల్లాబాద్ దగ్గరి తండా నుంచి రోజూ సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు. ఆఫీసు వెనక ముళ్ల కంచె మధ్య ఉన్న వాన డబ్బాను పద్దెనిమిదేళ్లు చూశాడు. వైశాలి కాంట్రాక్టు ఉద్యోగంలో చేరిన మొదటి వారమే అడిగింది, వాన పడని రోజున కూడా మూత తీయడం ఎందుకని.

"చూడకుంట సున్నా రాస్తే అది సున్నా కాదు బిడ్డా, బద్ధకం" అన్నాడు.

ఆమె తలూపింది గానీ, కంప్యూటరులో మాత్రం వాన లేని రోజు గడిని ఖాళీగా వదిలేసేది. జిల్లా అంతా అలాగే చేసేవారు. ఖాళీ అంటే వాన లేదనేగా!

తొంభైల్లో హీరాలాల్ ఒకే కొలతను రెండు కాగితాల మీద రాసి నిజామాబాదుకు పంపేవాడు. ఒకటి లెక్కల ఆఫీసుకు, ఇంకొకటి కాలువల ఆఫీసుకు. మంగళవారం పొద్దున చూసిన వానను లెక్కల ఆఫీసు మంగళవారం కింద రాయమనేది. పడింది సోమవారం రాత్రి కదా, సోమవారం కింద రాయి అనేది కాలువల ఆఫీసు. ఆయన ఇద్దరి మాటా విన్నాడు. ఆ రెండు కాగితాలు వేర్వేరు బీరువాల్లో పడి ఉండేవి, ఎన్నడూ ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు.

రెండువేల ఏడులో అవి మొహాలు చూసుకున్నాయి. ఎవరి తారీఖులతో వారు అంకెలు ఎక్కించుకుంటున్న ఆ ఆఫీసుల కంప్యూటర్లను వెబ్ సర్వీసుతో కలిపారు. ఇక కాగితం అక్కర్లేదు, మనిషి అక్కర్లేదు. ఒక శాఖ కంప్యూటరు అడిగితే ఇంకో శాఖ కంప్యూటరు తన అంకెలను ఇచ్చేస్తుంది. ఒకరి దగ్గర గడి ఖాళీగా ఉంటే ఇంకొకరి అంకెతో నింపుకోవాలని నియమం కూడా పెట్టారు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. నాట్లేసిన మళ్లు నెర్రెలిచ్చాయి. కరువు మండలాల జాబితా తయారవుతోంది. ఆఫీసు పుస్తకంలో హీరాలాల్ రాసిన మొత్తం మూడువందల పన్నెండు మిల్లీమీటర్లు. నిజామాబాదు కంప్యూటరులో మాత్రం ఐదువందల డెబ్బై! ఆ లెక్కన బాన్సువాడకు కరువే లేదు.

చాయ్ హోటలు దగ్గర ఆ మండలం రైతు గంగమణి ఆయన సైకిలుకు అడ్డం నిలబడింది. "ఏం హీరాలాలన్నా, నీ డబ్బల పడ్డ వాన మా మడిల పడకపాయె! గా డబ్బనన్న కిరాయికియ్యరాదు?"

"ఇస్త అక్కా, ముందుగాల వాననియ్యి" అన్నాడు గానీ, ఆ పూట చాయ్ సగం వదిలేశాడు.

మూడో రోజు మెమో వచ్చింది. జాబితాలో చేరడానికి కొలతలు తగ్గించి రాసినట్టు అనుమానం. వర్షమాపక పరిశీలకుడు, అంటే హీరాలాల్, వచ్చి సంజాయిషీ ఇవ్వాలి. వైశాలి చదివి వినిపించింది. అబద్ధపు కొలత అని తేలితే ఆయన ఉద్యోగం పోతుంది. మండలమూ జాబితాలోంచి పోతుంది.

"ఏమని రాద్దాం కాకా?"

"రాసుడెందుకు? పోయి చెప్పొద్దాం. నువ్వు గూడ రా, ఇంగిలీషు అవసరం పడితె."

మర్నాడు వెలిసిపోయిన కొలతల పుస్తకాలు నాలుగింటిని సంచిలో వేసుకుని ఇద్దరూ నిజామాబాదు బస్సెక్కారు. అక్కడ ఈ కంప్యూటర్ల సంగతి చూసే ఇంజనీరు రామాంజనేయులు, గోదావరి జిల్లాల మనిషి, మర్యాదగానే కూర్చోబెట్టాడు.

"చూడండి పెద్దాయనా, మెషీన్ అబద్ధం ఆడదండీ. రెండు శాఖల అంకెలూ కలిపిందే ఇది."

హీరాలాల్ తెర వైపు చాలాసేపు చూశాడు. పద్దెనిమిది, పద్దెనిమిది. ఏడు, ఏడు. ఇరవై మూడు, ఇరవై మూడు. పక్కపక్క రోజుల్లో కవలల్లా కూర్చున్నాయి.

"సారూ, ఒక్క మాట. మా తండల ఒకామె అర్ధరాత్రి కాన్పయింది. మంత్రసాని సోమారం పుట్టిండు అంటది. దవాఖానోళ్లు మంగళారం అని రాసిండ్రు. అట్లని ఇద్దరు పిలగాండ్లు పుట్టినట్టా?"

రామాంజనేయులు కుర్చీని తెర దగ్గరికి లాక్కున్నాడు. గబగబా కాలువల ఆఫీసు అంకెలన్నిటినీ మర్నాటి గడిలోకి జరిపాడు. కవలలన్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. మొత్తం మూడువందల పన్నెండు.

"ఓరి దేవుడా! ఒకే వానను రెండుసార్లు కురిపించామండీ!" అని పకపకా నవ్వాడు. నవ్వు ఆగాక వైశాలి వైపు తిరిగి, "ఇటు గడి ఖాళీగా ఉండబట్టే కదమ్మా అటు అంకె వచ్చి కూర్చుంది? సున్నా వేసి ఉంటే ఈ గొడవే లేదు" అన్నాడు.

వైశాలి తల దించుకుంది. హీరాలాల్ ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి మబ్బుల కోసం చూస్తున్నాడు. తిరుగు బస్సులో మాత్రం, వర్ని దాటాక, "సున్నాకు గూడ కుర్చీ వెయ్యాలె బిడ్డా, లేకుంటె ఎవడో ఒకడు వచ్చి కూసుంటడు" అన్నాడు. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి, కండక్టరు దగ్గరికొచ్చి ఏమైందని అడిగేదాకా ఆగలేదు.

మెమో రద్దయింది. మండలం జాబితాలో చేరింది. గంగమణి ఆఫీసుకొచ్చి, కంచె బయట నుంచే డబ్బాకు దండం పెట్టి పోయింది. రెండేళ్ల తర్వాత పోయేదాకా హీరాలాల్ ఆ సంగతి ఎవరి దగ్గరా గొప్పగా చెప్పుకోలేదు.

ఆయన పోయిన నెలకు భార్య గౌరీబాయి పింఛను కాగితాల కోసం వైశాలి ఆయన సర్వీసు రిజిస్టరు తీసింది. మొదటి పేజీ నుంచి చివరిదాకా రెండుసార్లు వెతికింది. వాన డబ్బా పని అప్పగించినట్టు ఒక్క ఆర్డరూ లేదు. అనుమానం తీరక, రిటైరై ఊళ్లోనే ఉంటున్న పాత సీనియర్ అసిస్టెంటు బ్రహ్మానందాన్ని అడిగింది.

"అది ఆయన పని కాదు కదమ్మా. దాన్ని చూసే గుమాస్తా తొంభై ఒకటిలో బదిలీ అయి వెళ్లిపోయాడు. కంచె తలుపు తాళంచెవి మేకుకు వేలాడుతుంటే హీరాలాల్ తీసుకున్నాడు. తీసుకొమ్మని ఎవరూ అనలేదు, ఎందుకు తీశావని ఎవరూ అడగలేదు."