బట్టలు ఉతికినామెకు కేసు లేదు

భద్రాచలం బస్టాండులో పొద్దున ఆరున్నరకు ఖమ్మం ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నా వెంట మా వాడకట్టు వెంకులు, ఆయన భార్య లచ్చమ్మ. వెంకులు ఒక కరెంటు ప్లాంటులో కాంట్రాక్టరు కింద ఏళ్ల తరబడి ఆవిరి పైపులకు రాతినార తాడు చుట్టాడు. అంటే ఆస్‌బెస్టాస్, దాని దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. టీబీ అని దవాఖానాలో మందులిచ్చారు, తగ్గలేదు. నష్టపరిహారానికి దారి ఉందేమో వకీలును అడగాలని ఈ ప్రయాణం.

గోదావరి వంతెన దాటి అడవిలోకి వచ్చేసరికి లచ్చమ్మకు దగ్గు మొదలైంది.

"పేషెంటును కిటికీ కాడ కూసోబెట్టుండ్రి" అన్నాడు కండక్టరు.

"పేషెంటు మా ఆయన. నేను తోడొచ్చిన."

"ఆయన సప్పుడే లేదు గదమ్మా!" అన్నాడు వెనక సీటాయన. ఆమే ముందు నవ్వింది. నవ్వు మళ్లీ దగ్గయింది.

కొత్తగూడెంలో ఇడ్లీ తిన్నాం. ఖమ్మంలో దిగేసరికి పది దాటింది, ఎండ మండుతోంది.

వకీలమ్మ ఓపిగ్గా విన్నది. జీతంలో ఈఎస్ఐ కోత ఉండుంటే ఆ ఆఫీసుకే పోవాలి. కోత లేదన్నాడు వెంకులు. అయితే కార్మిక శాఖలో పరిహార కమిషనర్‌కు దరఖాస్తు పెట్టాలి. కాంట్రాక్టరు పరారైనా ప్లాంటు బాధ్యత పోదు. గడువు రెండేళ్లే గాని, టీబీ అనుకుని ఆలస్యమైందంటే మన్నించే వీలుంది. ఛాతీ డాక్టరు సర్టిఫికెట్, తోటి పనివాళ్ల సాక్ష్యం కావాలి.

"పని బట్టలు ఎక్కడ ఉతికేవాళ్లు?" అని అడిగింది.

"ఇంట్లనే. దుమ్ము తెల్లగ పట్టి ఉంటుండె. ఈమెనే దులిపి ఉతికేది."

వకీలమ్మ లచ్చమ్మ వైపు తిరిగింది. "అమ్మా, నీకు దగ్గు ఎప్పటినుంచి?"

"ఈయన కంటె ముందుగాలనే."

ఈ పరిహార చట్టం పనిచేసినవాడికే వర్తిస్తుందని వకీలమ్మ మెల్లగా చెప్పింది. ఆమె సివిల్ కోర్టుకు పోవచ్చు. రోగం ఆ దుమ్ము వల్లనే వచ్చిందని రుజువు చేయాలి. ఏళ్లు పడుతుంది.

మధ్యాహ్నం మూడింటి బస్సుకు తిరుగు ప్రయాణమయ్యాం. బస్సు పాల్వంచ దాటింది. రోజంతా తిరిగితే ఆయనకు సగం దారి దొరికింది, ఆమెకు అదీ లేదు.

"నీకు లేని కేసు నాకెందుకే? ఇడిసిపెడదాం" అన్నాడు వెంకులు.

"ఏంది, బట్టలు ఉతికింది నేను, అలిగేది నువ్వా? సోమారం ఎక్స్‌రేకు పోతున్నం. ఇద్దరం."

"నీకు రాదన్నది గద."

"రాకుంటె రాకపాయె. నాకేమైందో నాకు ఎరుక గావద్దా?"