పెదాల మధ్య పిన్ను

మా బస్సు డిపోలో బ్రేకుల మేస్త్రీకి ముఖం మీద పెట్టిన పేరు బాబాయ్, వెనకాల పెట్టిన పేరు చిటపట. రెండూ ఆయనకు తెలుసు. రెండోదే ఎక్కువ ఇష్టమని నా అనుమానం. నట్టు బిగుసుకుపోతే నట్టును తిట్టేవాడు, వదులైతే దాన్ని చేసిన కంపెనీని తిట్టేవాడు, బండి బాగానే ఉంటే "మరి నా దగ్గరికెందుకు తెచ్చావురా, నా అందం చూడ్డానికా?" అని నన్ను తిట్టేవాడు. నేను డ్రైవర్ని. పదహారేళ్లు ఆయన తిట్లు తిని, ఆయన బాగుచేసిన బ్రేకుల మీద కాలు పెట్టి బతికాను.

ఆయన నోరు మూతపడేది ఒక్క సందర్భంలోనే. బ్రేకు కడ్డీని పట్టి ఉంచేందుకు వేలంత లావు మేకు ఒకటి ఉంటుంది. అది జారిపోకుండా దాని చివరి కన్నంలో చిన్న పిన్ను దూర్చి కొసలు వంచాలి. కాటర్ పిన్ను అంటాం. బండి కింద పడుకుని రెండు చేతులతో మేకును సరిచేస్తున్నంత సేపూ బాబాయ్ ఆ పిన్నును పెదాల మధ్య పట్టుకునేవాడు. జేబులో పెడితే మరిచిపోతాం, నేల మీద పెడితే దొర్లిపోతుంది, నోట్లో ఉంటే మాత్రం పెట్టేదాకా ఊరుకోనివ్వదు అని ఆయన గురువు నేర్పిన పద్ధతి. బండి కింద నిశ్శబ్దంగా ఉందంటే పిన్ను ఇంకా పడలేదని, తిట్లు మళ్లీ మొదలయ్యాయంటే పని అయిపోయిందని మేం లెక్కేసుకునేవాళ్లం. ఇంతకంటే నమ్మకమైన తనిఖీ నేను మరెక్కడా చూడలేదు.

ఇంకో ఆనవాయితీ కూడా ఉండేది. బ్రేకులు ముట్టుకున్న మేస్త్రీ ఆ బండి మొదటిసారి కదిలేటప్పుడు డ్రైవర్ పక్కన కూర్చోవాలి. గేటు దాటి, రోడ్డు చివరి మలుపు దాకా వెళ్లి, గట్టిగా రెండుసార్లు బ్రేకు కొట్టి తిరిగి రావాలి. మొత్తం పది నిమిషాలు. బాబాయ్ కూర్చుని "తొక్కరా, చస్తే ఇద్దరం చస్తాం" అనేవాడు. మా ఆవిడ నాకు చెప్పిన ధైర్యాలన్నీ కలిపినా ఆ ఒక్క మాటకు సాటిరావు.

తప్పు చేసినవాళ్లు కూడా ముందు ఆయన దగ్గరికే వెళ్లేవాళ్లు. వెళితే పది నిమిషాలు తిట్టేవాడు. మనల్నీ, మన తాతల్నీ, మనకు చదువు చెప్పిన పంతుల్నీ కలిపి తిట్టేవాడు. పదకొండో నిమిషంలో పానా పట్టుకుని బండి కిందికి దూరేవాడు. ఆ తర్వాత ఆ తప్పు గురించి ఇంకో మాట ఎత్తేవాడు కాదు. అందుకే మా తప్పులు ఆయన దగ్గరికి తోవ తెలిసినట్టు నడిచి వెళ్లేవి.

అలాంటి డిపోకి కొత్త మేనేజరు వచ్చాడు. ఎక్కడో శిక్షణ తీసుకుని వచ్చాడట. నిద్రలో కూడా నవ్వుతాడేమో అనిపించే ముఖం. మొదటి రోజే ఆయనకు చిరునవ్వు సార్ అని పేరు పడిపోయింది.

చిరునవ్వు సార్ గేటు పక్క గోడకు ఒక పెద్ద పలక కొట్టించి దానికి 'మనసు పట్టిక' అని పేరు పెట్టాడు. పొద్దున్నే ఎవరికి వారు తమ పేరు ఎదురుగా ఒక గుండ్రటి బొమ్మ అంటించాలి. నవ్వే బొమ్మ, నవ్వని బొమ్మ, ఏడ్చే బొమ్మ. మొదటి వారం టైర్ల మేస్త్రీ అమాయకంగా ఏడ్చే బొమ్మ అంటించాడు. సార్ అతన్ని గదిలోకి పిలిచి అరగంట కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని లోతుగా గాలి పీల్చమన్నాడు. మా డిపోలో లోతుగా పీలిస్తే లోపలికి వెళ్లేది డీజిల్ పొగే. దగ్గుతూ బయటికి వచ్చిన టైర్ల మేస్త్రీని చూశాక డిపో మొత్తం ఒక్కసారిగా సంతోషంలో మునిగిపోయింది. ఏడ్చే బొమ్మల కట్ట విప్పకుండానే ఉండిపోయింది. బాబాయ్ మాత్రం ఏ బొమ్మా అంటించలేదు. "ముఖం ఇక్కడే ఉంది కదా సార్, తీరిగ్గా చూసుకోండి" అన్నాడు.

బొమ్మల దాకా అయితే నవ్వుకుని ఊరుకునేవాళ్లం. సార్ ఇంకో పుస్తకం కూడా తెరిచాడు. ఎవరి పనిలో తప్పు దొరికినా, ఎవరి వల్ల బండి ఆలస్యమైనా పేరు పక్కన ఒక ఎర్ర గీత. మూడు గీతలు పడితే ఉద్యోగం నుంచి ఇంటికే. మేస్త్రీ పక్కన కూర్చునే ఆనవాయితీ కూడా ఎత్తేశాడు. దాని బదులు పద్నాలుగు గళ్ల కాగితం, ఒక్కో గడిలో ఒక్కో టిక్కు. "మేస్త్రీ కూర్చోవాలని ఏ డ్రైవరైనా కోరుకుంటే రాసి ఇవ్వచ్చు. నేను కాదనను. ఆ పది నిమిషాలు మాత్రం ఆ డ్రైవర్ ఆలస్యం కింద రాస్తాను" అన్నాడు నవ్వుతూ. ఎవరూ రాసి ఇవ్వలేదు.

నాలుగు నెలల్లో డిపోలో తప్పులు మాయమయ్యాయి. పుస్తకంలోంచి మాయమయ్యాయని నా ఉద్దేశం. బళ్లలో ఎక్కడివక్కడే ఉన్నాయి. బాబాయ్‌కి అయినా చెబుదామంటే, ఆయన బాగుచేసిన ప్రతిదీ ఇప్పుడు కాగితం మీద రాయాలి, రాస్తే గీత. అందరం తేలు కుట్టిన దొంగల్లా ఊరుకున్నాం. పొద్దున్నే నవ్వే బొమ్మ అంటించేవాళ్లం, సాయంత్రం ఇంటికెళ్లి పిల్లల మీద అరిచేవాళ్లం. నాకు కడుపులో మంట మొదలైంది. టైర్ల మేస్త్రీకి నిద్ర పట్టడం మానేసింది. బాబాయ్‌కి మాత్రం దాచడం చేతకాక అప్పటికే రెండు గీతలు పడ్డాయి. ఇంకో నాలుగేళ్లు ఉద్యోగంలో ఉంటేనే ఆయనకు పూర్తి పింఛను.

ఆ రోజు నా బండికి నెలవారీ బ్రేకు పని. బాబాయ్ బండి కింద ఉన్నాడు, పిన్ను పెదాల మధ్య ఉంది. సరిగ్గా అప్పుడు చిరునవ్వు సార్ వచ్చి, మోకాళ్ల మీద వంగి బండి కిందికి తొంగి చూశాడు.

"పట్టికలో మీదొక్కటే ఖాళీగా ఉందండీ. ఈ రోజైనా ఎలా ఉన్నారో చెప్పండి. ఏం బాధ ఉందో నాతో పంచుకోండి."

బాబాయ్ ఊఁ అన్నాడు. సార్ వదల్లేదు. మళ్లీ అడిగాడు. మూడోసారికి బాబాయ్ పిన్ను నోట్లోంచి తీసి చొక్కా జేబులో వేసుకుని, తన బాధ పంచుకున్నాడు. ఐదు నిమిషాలు పంచుకున్నాడు. అందులో సగం ఇక్కడ రాయలేను. ఆ ఊపులోనే బయటికి వచ్చి, తిడుతూనే పద్నాలుగు గళ్లలో పద్నాలుగు టిక్కులు కొట్టి కాగితం సార్ చేతిలో పెట్టాడు. తిట్లు వినిపిస్తున్నాయి కాబట్టి పని అయిపోయిందనుకున్నాను. మేస్త్రీ పక్కన కూర్చోవాలని కాగితం రాయమని ఎవరూ నన్ను అడగలేదు, నేనూ రాయలేదు. బండెక్కి వెళ్లిపోయాను.

తర్వాతి సంగతి టైర్ల మేస్త్రీ చెప్పాడు. బాబాయ్ కొళాయి దగ్గర చేతులు కడుక్కుని తుడుచుకుంటుంటే జేబులో ఏదో గుచ్చుకుంది. తీసి చూసుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. డ్రైవర్ల ఫోన్లు డిపోలోనే పెట్టెలో వదిలి వెళ్లాలి కాబట్టి నాకు ఫోన్ చేసే దారి లేదు. టైర్ల మేస్త్రీ మోటార్ సైకిల్ వెనక ఎక్కి, బాబాయ్ దారి పొడవునా అతన్ని తిడుతూ నా వెంట పడ్డాడు.

పెద్దాస్పత్రి ముందు రోడ్డు నిట్టనిలువుగా దిగుతుంది. దానికి ఒక స్టాపు ముందు నా బండికి మోటార్ సైకిల్ అడ్డం వచ్చింది.

"దిగరా! అందర్నీ దించు!" బాబాయ్ గొంతు చీలిపోయి ఉంది.

"ఏమైంది బాబాయ్?"

"పిన్ను పెట్టలేదురా! నా చేతులు విరిగిపోను!"

పొద్దున వాన పడి రోడ్డంతా బురద. ఆయన యూనిఫాంతోనే ఆ బురదలో వీపు ఆనించి బండి కిందికి జారాడు. నేను వంగి చూశాను. మేకు ముప్పావు భాగం బయటికి వచ్చేసి ఉంది. బండిలో నలభై మంది. తలుపు తీసి ఒక్కొక్కర్నీ దించాను.

డిపోకి తిరిగొచ్చి బాబాయ్ తిన్నగా సార్ గదిలోకి వెళ్లి, జరిగింది చెప్పి, పుస్తకం లాక్కుని తన పేరు పక్కన మూడో గీత తనే గీసుకున్నాడు.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. సైకిళ్ల షాపు మీద రెండు గదులు. పిన్ని బడి పిల్లల యూనిఫాంలు కుడుతోంది. బాబాయ్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"ముప్పై ఏళ్లుగా పొద్దున ఒక గంట, సాయంత్రం రెండు గంటలు ఈయన అరుపులు భరించా. ఇక పగలంతా ఇంట్లోనే అరుస్తాడు. నా గతేంటో ఎవరైనా ఆలోచించారా?" అంది పిన్ని.

నవ్వాను. ఆవిడ నవ్వలేదు. కాళ్లు మిషన్ తొక్కుతూనే ఉన్నాయి గానీ సూది కింద బట్ట లేదు.  లేచి వచ్చేశాను.

మర్నాడు పొద్దున ఆరింటికి సార్ అందర్నీ గేటు దగ్గర నిలబెట్టాడు. ఇది మనందరికీ ఒక పాఠం అన్నాడు. పక్కన నిలబెట్టుకున్న బాబాయ్ వైపు తిరిగి, మేస్త్రీ గారి సేవలకు ధన్యవాదాలు అన్నాడు. ఎవరైనా ఏమైనా చెబుతారా అని మర్యాదకు అడిగాడు.

స్పేర్ పార్టుల గది చూసే పెద్దక్క చెయ్యెత్తింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి.

"పోయిన వారం ఏడో నంబరు బండికి కొత్త రబ్బరు వేశామని రాశాం సార్. వెయ్యలేదు. స్టాకు లేదంటే నాకు గీత పడుద్దని పాతదే తుడిచి ఇచ్చా."

సార్ నవ్వు అలాగే ఉంది గానీ కళ్లు దాన్ని వదిలేశాయి. తర్వాత టైర్ల మేస్త్రీ. పన్నెండో నంబరు వెనక టైరు లోపలి వైపు పగిలింది, ఆ వైపు కనపడకుండా తిప్పి బిగించాడు. ఇంకో డ్రైవర్, వదులైన స్టీరింగ్. ఇంకొకరు, సరిగా పడని తలుపు. నా వంతు వచ్చింది. బ్రేకు తొక్కితే నా బండి ఎడమకు లాగుతోందని తొమ్మిది రోజులుగా తెలిసీ, నిన్న బ్రేకు పనికి ఇచ్చినప్పుడు కూడా చెప్పలేదని చెప్పాను. లెక్క తేలేసరికి ఇరవై రెండు బళ్లలో పదకొండు గేటు దాటడానికి పనికిరావని తేలింది. సమ్మె అన్న మాట ఎవరి నోటా రాలేదు. అవి నిజంగానే నడపకూడని బళ్లు.

"మరి రోజూ అందరూ నవ్వే బొమ్మలే అంటించారు కదయ్యా!" అన్నాడు సార్, దాదాపు ఏడుపు గొంతుతో.

"బొమ్మదేముంది సార్, దానికి నవ్వడం తప్ప ఇంకో పని లేదు" అంది పెద్దక్క.

సార్ పక్కనున్న పాత టైరు మీద కూర్చున్నాడు. ముఖంలో నవ్వు లేకపోతే ఆయనా మనిషిలాగే ఉన్నాడు. ఆయన పేరు పక్కన కూడా పైవాళ్ల పుస్తకంలో గీతలున్నాయట. తలెత్తి బాబాయ్‌ని అడిగాడు.

"సాయంత్రం బండి తిరిగొచ్చాక పెట్టేస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఎందుకు చెప్పారు?"

"వెంటనే ఏం చెప్పలేదు సార్. కొళాయి దగ్గర మూడు నిమిషాలు నిలబడ్డా. నాలుగేళ్లు, పింఛను, మా ఆవిడ మోకాళ్లు, అన్నీ లెక్కేసుకున్నా. వీడు మాత్రం లెక్కలోకి రాలేదు." నా వైపు వేలు చూపించాడు. "తర్వాత గుర్తొచ్చింది. కాగితం రాస్తే నేను పక్కన కూర్చోవచ్చు కదా. వీడు రాయలేదు. నా చెయ్యి పడితే చాలనుకుని బండెక్కేశాడు. అంత నమ్మినవాణ్ని..."

 చిటపట అంతమందిలో భోరుమన్నాడు. పెద్దక్క కళ్లు తుడుచుకుంది. టైర్ల మేస్త్రీ నా భుజం తట్టాడు.

సార్ ఉన్నదున్నట్టు పైకి రాశాడు. ఆ మేరకు మెచ్చుకోవాలి. రెండు నెలల్లో ఆయన్ని ఇంకెక్కడికో పంపేశారు, గీతల పుస్తకాన్ని కూడా ఆయనతోనే పంపేశారు. బాబాయ్‌ని ఒక హెచ్చరిక కాగితంతో వదిలేశారు. నాలుగేళ్లూ పూర్తిచేసి, తృప్తిగా అందర్నీ తిట్టి, పోయిన నెల రిటైర్ అయ్యాడు. వీడ్కోలు రోజున నన్ను పక్కన నిలబెట్టుకుని ఆ కథ అందరికీ మళ్లీ చెప్పాడు. "వీడు నన్ను అడక్కుండా బండెక్కాడు" అన్నాడు. నేను తల వంచుకున్నాను. వినయం అనుకున్నారు.

పిన్ను మరిచిపోయిన ఆ రోజు నా పేరు పక్కన కూడా రెండు గీతలున్నాయి. కాగితం రాస్తే పది నిమిషాల ఆలస్యం, దాంతో మూడో గీత. అందుకే రాయలేదు. బాబాయ్ మీద నమ్మకం ఉందా లేదా అన్నది ఆ క్షణంలో నా బుర్రలోకి రానే లేదు. అందరూ తమ తప్పులు చెప్పుకున్న రోజున నేను తొమ్మిది రోజుల సంగతి చెప్పాను, ఇది మింగేశాను. ఇప్పటికీ మింగే ఉన్నాను.

వచ్చే ఆదివారం వాళ్లింటికి వెళ్లి చెప్పేద్దామనుకుంటున్నాను. తిడతాడన్న భయం నాకు లేదు. విని, తిట్టకుండా ఊరుకుంటాడేమోనన్నదే నా భయం.