విమానం ముందు వైర్లు ఎత్తిన రోజు

నేను కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌ని. ఇరవై రెండేళ్ళుగా పాతబస్తీలో జహనుమా చుట్టుపక్కల స్తంభాలే ఎక్కుతున్నాను. ఆ ఆదివారం పొద్దున మాకు పడిన డ్యూటీ మాత్రం అంతకుముందు ఎన్నడూ చేసింది కాదు. వైమానిక దళం వాడి పక్కన పెట్టేసిన ఒక యుద్ధవిమానాన్ని మా వైపున్న ఒక కాలేజీ ముందు నిలబెట్టడానికి తెస్తున్నారు. చాంద్రాయణగుట్ట దిక్కు నుంచి ట్రైలర్ మీద వస్తోంది. రెక్కలు ఊడదీసి వెనక వేరే లారీలో వేశారు. తోకను మాత్రం విప్పలేదు. అది ఇళ్ళ మొదటి అంతస్తు కిటికీలకు పైగా నిటారుగా లేచి ఉంది. ట్రైలర్ వచ్చినకొద్దీ కరెంటు ఆపించి, రోడ్డుకు అడ్డంగా ఉన్న వైర్లను పంగ కట్టిన వెదురు గడలతో ఎత్తిపట్టి తోకను దాటించాలి. అదీ మా పని.

నాతో ఉన్నది మా సీనియర్ లైన్‌మన్. నేను అన్నా అని పిలిచేవాణ్ణి. ఇద్దరిదీ ఒకే గల్లీ, ఒకే చర్చి. స్తంభం ఎక్కడం నాకు నేర్పింది ఆయనే. ఇంకో రెండేళ్ళలో ఆయనకు రిటైర్మెంట్.

మొదటి దెబ్బ నాకే పడింది. మేం మొదట ఆగిన బస్తీకి రెండు రోజులకోసారి గంటసేపు నల్లా వస్తుంది. మోటారు నడిస్తేనే నీళ్ళు పైకి ఎక్కుతాయి. సరిగ్గా ఆ గంటలోనే మేం కరెంటు తీయించాం. బిందెలతో ఆడవాళ్ళు రోడ్డు మీదికి వచ్చారు.

"నల్లా ఇడిశే టైముకే కరెంటు తీస్తరా? మోటర్ ఎట్ల నడవాలె?" అని ఒకామె నా దారికి అడ్డం నిలబడింది.

"అర్ధ గంట ఓపిక పట్టమ్మా," అన్నాను.

"ఓపికతోని దూప తీరుతదా?"

అంటూనే చేతిలోని స్టీలు బిందె నా మీదికి విసిరింది. దాని అంచు తగిలి కనుబొమ్మ చీలింది. రక్తం కంట్లోకి కారింది. నేను గడ పడేసి ఆమె మీదికి నడిచాను. అన్న వెనక నుంచి నా సేఫ్టీ బెల్టు పట్టి గుంజాడు.

"ఆమె నీళ్ళు ఆమె అడుగుతున్నది. నువ్వు గడ పట్టు," అని తన దస్తీ తీసి నా తలకు కట్టాడు.

అక్కడి నుంచి పది దుకాణాలు దాటకముందే ఇంకో లొల్లి. తోక తగిలి ఒక హార్డ్‌వేర్ దుకాణం బోర్డు ఊడి పడింది. దుకాణదారు షట్టర్ గుంజే ఇనుప కడ్డీ పట్టుకుని వచ్చాడు. ట్రైలర్ వెంట నడుస్తున్న కాంట్రాక్టరు మనిషి, సూపర్‌వైజరు, అతని మెడ పట్టి గోడకు కొట్టాడు. దుకాణదారు ముక్కులోంచి రక్తం కారింది. ట్రాఫిక్ పోలీసులు ఇద్దరినీ విడదీసి, పది గంటల లోపు రోడ్డు ఖాళీ కావాలని సూపర్‌వైజరుకు గట్టిగా చెప్పారు. అప్పటికే తొమ్మిదిన్నర. ఎండ మండుతోంది. జనం పెరుగుతున్నారు.

తర్వాతి మలుపు దగ్గర వైర్లు కిందికి వేలాడుతున్నాయి. అన్న సిమెంటు స్తంభానికి నిచ్చెన వేసి ఎక్కి ఒక ఇంటికి పోయే సర్వీసు వైరు విప్పుతున్నాడు. నేను రోడ్డుకు ఇవతల గడతో ఇంకో వైరు ఎత్తి పట్టుకున్నాను. ట్రైలర్ ఆగి ఉంది. పోలీసు విజిల్ వినబడగానే సూపర్‌వైజరు క్యాబిన్ డోరు మీద అరచేత్తో రెండుసార్లు చరిచాడు.

"పోనీ, పోనీ," అన్నాడు.

నేను ఆపమని అరిచాను. ట్రైలర్ కదిలింది. ఇంటర్నెట్ వాళ్ళ నల్లటి కేబుళ్ళ కట్ట ఒకటి తోకకు చిక్కుకుంది. దాని రెండో కొస మా స్తంభానికే కట్టి ఉంది. స్తంభం మొదలు దగ్గర పటపటమని పగిలింది. నిచ్చెనతో సహా అన్న కింద పడ్డాడు. ఆయన మీద స్తంభం పడింది.

నేను పరిగెత్తాను. అన్న దగ్గరికి కాదు, క్యాబిన్ దగ్గరికి.

డ్రైవరుకు యాభై దాటి ఉంటాయి. బక్కపలచని మనిషి. కోస్తా వైపు వాడు. అద్దంలో ఏం చూశాడో కానీ, నేను డోరు తెరిచేసరికి చేతులు రెండూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"నేను కాదన్నా. పొమ్మన్నారు, పోనిచ్చాను," అన్నాడు.

కాలరు పట్టి కిందికి లాగాను. బెల్టుకున్న కటింగ్ ప్లయర్ తీశాను. దాంతోనే నోటి మీద కొట్టాను. మెత్తటిదేదో చిట్లినట్టు చేతికి తెలిసింది. మళ్ళీ కొట్టాను. అతను మోకాళ్ళ మీద పడ్డాడు. ఈలోగా జనం వచ్చి పడ్డారు. ఎవరెవరో తన్నారు. ఎందుకు తంతున్నారో చాలామందికి తెలియదు. నీళ్ళ కోపం, ఎండ కోపం, దుకాణం కోపం, అన్నీ ఆ ఒక్క ఒంటి మీదే తీర్చుకున్నారు. రాళ్ళు ముందద్దానికి తగిలాయి, తర్వాత విమానానికి తగిలాయి. బోలు రేకు మోగుతుంటే అందరికీ ఇంకా ఊపు వచ్చింది. ఒకతను రాడ్డుతో దాని కడుపు మీద బాదుతున్నాడు. కానిస్టేబుల్ లాఠీ నా ముంజేతి మీద పడేదాకా నేను ఆగలేదు.

తిరిగి చూస్తే, స్తంభం దగ్గర మా వెంటే నడిచొచ్చిన బస్తీ ఆడవాళ్ళున్నారు. నా గడనే స్తంభం కింద దూర్చి నలుగురు ఎత్తుతున్నారు. బిందె విసిరినామె అన్న చంకల్లో చేతులు వేసి బయటికి గుంజుతోంది. నన్ను చూసి, "నిలబడి చూస్తవేంది, పట్టు," అంది. పట్టాను. నా చేతుల రక్తం అన్న చొక్కాకు అంటింది. అది ఎవరిదో నాకే తెలియలేదు.

ఇద్దరినీ ఒకే అంబులెన్సులో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అన్నకు భుజం ఎముక, పైచేయి విరిగాయి. డ్రైవరుకు మూడు పళ్ళు పోయాయి, పక్కటెముకలు రెండు చిట్లాయి. ఎస్సై వచ్చి ఎవరు కొట్టారని అడిగితే, డ్రైవరు మంచం మీది నుంచే చెయ్యెత్తి వార్డు గుమ్మంలో నిలబడ్డ నన్ను చూపించాడు. నేను కాదనలేదు. సూపర్‌వైజరు ఆ గలాటాలోనే ఏదో సందులో దూరి జారుకున్నాడు. అతని ఒంటి మీద ఒక్క దెబ్బ పడలేదు. అతన్ని పట్టుకోవడానికి నెల పట్టింది.

మూడో రోజు అన్న మాట్లాడాడు. నేను ఆయన మంచం పక్కన కూర్చుని, వాణ్ణి ఊరికే వదల్లేదన్నా అన్నాను. ఆయన సంతోషిస్తాడనే అనుకున్నాను.

"నేను పిలిచిన," అన్నాడు అన్న. "పేరు పెట్టి పిలిచిన. ఛాతి మీద బరువుకు ఊపిరి ఆడ్తలేదు. అయినా మూడుసార్లు పిలిచిన. నువ్వు ఇనలే."

"లొల్లిల ఇనరాలేదన్నా."

"గా బిందె ఇసిరినామె రోడ్డుకు అవతలకెల్లి ఇన్నది."

ఆయన ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. వాళ్ళావిడ నన్ను కాసేపు బయట కూర్చోమంది. ఆ సాయంత్రం దాకా మెట్ల మీదే కూర్చున్నాను. లోపలికి పిలుపు రాలేదు.

నా మీద కేసు పడింది, ఐదు నెలలు సస్పెండ్ చేశారు. చివరికి డ్రైవరు రాజీకి ఒప్పుకున్నాడు. వకీలు గదిలో అతను భార్యతో వచ్చి కూర్చున్నాడు. నేను నా భార్యతో వెళ్ళాను. చేత్తోనే కొట్టానని ఆఫీసులోనూ, ఇంట్లోనూ అప్పటిదాకా చెబుతూ వచ్చాను.

"సంతకం పెడతాను," అన్నాడు డ్రైవరు. ముందు పళ్ళు లేక మాట గాలిగా వస్తోంది. "దేంతో కొట్టావో వీళ్ళందరి ముందు చెప్పు."

"కటింగ్ ప్లయర్‌తోని," అన్నాను.

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు."

"మూడు," అన్నాడు. నాకు మూడోది గుర్తు లేదు. అయినా మూడే అన్నాను. అతను సంతకం పెట్టి లేచాడు. ఇంటికి పోయేటప్పుడు నా భార్య నాకంటే పది అడుగులు ముందే నడిచింది.

అన్న చేయి భుజం దాటి పైకి లేవదు. ఆఫీసువాళ్ళు ఆయన్ని సబ్‌స్టేషన్‌లో రిజిస్టరు రాసే సీట్లో కూర్చోబెట్టారు. పని మాటలు మాట్లాడతాడు. మా ఇంటికి రావడం మానేశాడు.

నేను మారిపోయానని చెప్పలేను. పోయిన ఎండాకాలం కరెంటు పోయిందని ఒకతను మా ఆఫీసు గేటు దగ్గర మా అమ్మను తిట్టాడు. నా చేయి అతని కాలరు మీదికి దానంతట అదే పోయింది. రెండో చేయి కూడా లేచింది. అంతలో నన్ను ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నట్టు అనిపించి, వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. అప్పటికి అతను కాలరు విడిపించుకుని, నన్ను ఇంకా తిడుతూనే గేటు దాటి వెళ్ళిపోయాడు.