స్లో కుక్కర్ మూత

పంది మాంసాన్ని పసుపూ ఉప్పూ వేసి కడుగుతున్నప్పుడు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి గుడ్డు కూడా ముట్టని మనిషిని. పరాయి దేశంలో, క్యారీ అనే ఊళ్ళో మా ఇంట్లో, దేవుడి అలమారకు నాలుగడుగుల దూరంలో, గిన్నెలు తోమే గ్లోవ్స్ వేసుకుని, సింకులో పంది భుజానికి స్నానం చేయిస్తున్నాను. ఇక్కడ మాంసం ఎవరూ అలా కడగరని తర్వాత తెలిసింది. చిన్నప్పుడు పక్క వాటాలో వాళ్ళు కోడిని అలా కడగడం చూశాను. మాంసం గురించి నాకు తెలిసిందల్లా అంతే. దేవుడి మీద కోపం, డాక్టరు మీద కోపం, పైన గదిలో తలుపేసుకుని పడుకున్న నా కూతురి మీద కూడా కోపం.

మా అమ్మాయికి పదహారేళ్ళు. చలికాలంలో మొదలైంది. ముందు అన్నం వద్దంది. డైటింగ్ కాబోలు, నాలుగు రోజులు పోతే అదే తింటుందిలే అనుకున్నాం. తర్వాత చపాతీ వద్దంది, తర్వాత పాలు. వేసవి వచ్చేసరికి దాని చేతికి నేను వేసిన గాజు మోచేయి దాకా జారుతోంది. ఆకలి రుచెరుగదంటారు. మా ఇంట్లో ఆకలే దారి తప్పిపోయింది. సోమవారం మళ్ళీ బరువు చూస్తామని, ఇంకా తగ్గితే ఆసుపత్రిలో చేర్చుకుని ముక్కులోంచి గొట్టం వేయక తప్పదని డాక్టరు చెప్పింది. ఆవిడ ఆ మాట ఎంతో మెత్తగా చెప్పింది. నాకు మాత్రం అక్కడున్న బల్ల ఎత్తి విసరాలనిపించింది.

పిల్లల మనసు చూసే కౌన్సెలరమ్మ ఒక్కటే చెప్పింది, అది తింటుంటే చూస్తూ కూర్చోవద్దని. బుద్ధిగా తలూపాను. ఇంటికి రాగానే కంచం పెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మరేం చేయను? కన్నదాన్ని కదా. మెతుకు లోపలికి పోయిందో లేదో చూడకుండా ఎట్లా ఉంటాను?

దిష్టి తగిలిందేమోనని కూడా అనుమానపడ్డాను. తింటున్న పిల్ల వంక చూడకూడదని, చూస్తే తిండి ఒంటబట్టదని మావాళ్ళలో గట్టి నమ్మకం. ఎవరి కళ్ళు పడ్డాయా అని ఆలోచించాను. గుళ్ళో కనబడిన ప్రతి ఆంటీ కళ్ళూ అనుమానించాను. పుట్టినరోజు ఫోటో చూసి 'అబ్బ, ఎంత ముద్దుగా ఉందో' అన్న మా ఆడపడుచు కళ్ళూ అనుమానించాను. ఎండుమిరపకాయలూ రాళ్ళుప్పూ తిప్పి పెనం మీద వేస్తే ఇంట్లో స్మోక్ అలారం గోల చేసింది. మా ఆయన టవలు పట్టుకుని దాని కింద విసురుతూ నిలబడ్డారు. అమ్మాయి మెట్ల మీద నుంచి మమ్మల్ని చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే ఒకరోజు కారులో అదే నోరు విప్పింది.

"అమ్మా, ఆ ఐలండ్ శాండ్‌విచ్ అయితే ట్రై చేస్తానేమో. మేబీ."

ఆ 'మేబీ' వినగానే కారు పక్కకు తీసి ఆపేశాను.

ఐలండ్ శాండ్‌విచ్ అంటే ఏమిటో నాకు తెలుసు. మా పక్కింట్లో హవాయి దీవులావిడ ఉండేది. ఆవిడ కూతురూ మాదీ ఒకే ప్రాణంగా తిరిగారు. పంది భుజాన్ని స్లో కుక్కర్ అనే కరెంటు గిన్నెలో సన్నసెగ మీద పొద్దంతా ఉడికించి, ఫోర్కులతో పీచుపీచుగా విడదీసి, పైనాపిల్ రసం, బ్రౌన్ షుగర్, సోయా సాసు, అల్లం కలిపిన తియ్యటి సాసులో ముంచి, మెత్తటి బన్నులో పెట్టి ఇచ్చేది. మా పిల్ల అక్కడ అది తింటోందని తెలిసీ తెలియనట్టే ఉన్నాను. మా ఆయన ఆఫీసు లంచ్‌లో చికెన్ తింటారని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. మా ఇంట్లో మాంసాహారం అలా సాగుతుంది. ఏడాది క్రితం పక్కింటివాళ్ళు టెక్సస్ వెళ్ళిపోయారు.

ఆయన ఆ సాయంత్రమే ఎక్కడినుంచో పుల్డ్ పోర్క్, అదే, పీచులు తీసిన పంది మాంసం కొనుక్కొచ్చారు. ఈ ప్రాంతంలో దాన్ని వెనిగర్ పోసి పుల్లగా చేస్తారు. అమ్మాయి వాసన చూసి, "ఇది కాదు నాన్నా," అని పక్కకు జరిపేసింది. ఆయన ఆ డబ్బా పట్టుకుని గరాజ్‌లోకి వెళ్ళి చాలాసేపటి దాకా రాలేదు.

అందుకని శనివారం నేనే దిగాను. టెక్సస్‌కు ఫోన్ చేసి పక్కింటావిడకు సంగతంతా చెప్పాను. ఆవిడ ఏది ఎంత వేయాలో ఓపిగ్గా చెప్పింది. వెళ్ళేటప్పుడు ఆవిడ ఇచ్చిపోయిన స్లో కుక్కర్ మా ఇంట్లోనే ఉంది. నేను దాంట్లో ఉల్లిపాయలు పోసుకుంటున్నాను.

"ఒక్కటే గుర్తుపెట్టుకో," అంది ఆవిడ ఇంగ్లీషులో. "మూత పెట్టాక మళ్ళీ తీయకు. దాని మానాన దాన్ని వదిలెయ్."

సరేనన్నాను. సరే అనడం నాకు బాగా అలవాటు.

మూత పెట్టి, స్విచ్ వేసి, ఎదురుగా నిలబడ్డాను. పొయ్యి మీద గిన్నె పెట్టి వదిలేయడం మనకు చేతనవుతుందా? కలపకపోతే అడుగంటుతుంది, చూడకపోతే పొంగుతుంది, పక్కకు వెళితే మాడుతుంది. ప్రెషర్ కుక్కరైతే కనీసం కూతలన్నా వేస్తుంది. ఇది నోట్లో నాలుక లేనట్టు కూర్చుంది. కాసేపాగి మూత తీశాను. ఆవిరి మొహాన కొట్టింది. ముక్క పెట్టింది పెట్టినట్టే ఉంది. గరిటెతో ఒకసారి తిప్పి మూత పెట్టాను. బట్టలు మడతపెట్టి వచ్చి మళ్ళీ తీశాను. మాడుతుందేమోనని కాసిని నీళ్ళు పోశాను. రుచి చూడలేను కదా, అందుకని వాసన చూశాను. ఇంకోసారి అలవాటు కొద్దీ కారం డబ్బా చేతిలోకి వచ్చేసింది, నన్ను నేనే తిట్టుకుని పక్కన పెట్టాను. మధ్యాహ్నం దాకా ఇదే వరస. కోతి పుండు బ్రహ్మరాక్షసి అన్నట్టు చేశాను.

సాయంత్రానికి ఉడకాల్సిన మాంసం ఉడకలేదు. ఫోర్కు గుచ్చితే చెప్పు తోలులా ఎదురు తన్నింది. మా ఆయన వచ్చి భుజం మీదుగా చూశారు.

"ఏంటి, ఇంకా అవలేదా? అది ఏ నిమిషంలో మనసు మార్చుకుంటుందో ఏమో."

"నాకు తెలీదా అండీ! మీరు వెళ్ళండి ముందు ఇక్కడ్నించి," అని అరిచాను. అరిచి మళ్ళీ మూత తీశాను.

అప్పుడే అమ్మాయి కిందికి వచ్చింది. ఆ వాసనకే వచ్చింది. ఎన్ని నెలలైందో అది పిలవకుండా వంటింట్లోకి వచ్చి. స్వెట్టర్ చేతులు వేళ్ళ మీదికి లాక్కుని, తలుపుకు ఆనుకుని నిలబడింది. వేసవిలో కూడా దానికి చలే.

"రెడీయా?"

"ఐపోయిందమ్మా. ఐపోతోంది. ఒక్క ఐదు నిమిషాలు," అన్నాను. అబద్ధం. నా గొంతు నాకే అబద్ధంలా వినబడింది. చేతిలో మూత పట్టుకునే నేలమీద కూలబడ్డాను. "నీ కాళ్ళు పట్టుకుంటాను తల్లీ, వెళ్ళిపోకు. వద్దనకు. సోమవారం నిన్ను తీసుకుపోతారే. నాకు చేతకావడం లేదు. ఏం చేసినా చేతకావడం లేదు."

బిడ్డ ముందు అట్లా ఏడవకూడదని తెలుసు. ఏడ్చాను.

అది నా చేతిలోంచి మూత తీసుకుని కుక్కర్ మీద పెట్టింది. "ఎన్నిసార్లు ఓపెన్ చేశావ్? ఆంటీ అసలు ముట్టుకునేది కాదు. వి విల్ వెయిట్. మూత తీయకు అమ్మా."

నా పక్కనే నేలమీద కూర్చుంది. దాని భుజం ఎముక నా చేతికి గుచ్చుకుంది. రెండుసార్లు లేవబోయాను. రెండుసార్లూ నా కొంగు పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. కిటికీలో ఎండ పచ్చబడి, గోడ మీద పైకి పాకింది. వంటిల్లంతా బెల్లప్పాకం వాసనా, నాకు పేరు తెలియని ఇంకో వాసనా కమ్ముకున్నాయి.

మళ్ళీ మూత తీసింది అదే. ఫోర్కు తగలగానే మాంసం విడిపోయింది. అదే పీచులు తీసి, అదే సాసు కలిపింది. బన్నులో పెట్టుకుని బల్ల దగ్గర కూర్చుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. చూడకూడదని నాకు నేను ఒట్టు పెట్టుకున్నాను. బల్ల మీద గీతలు చూశాను, ఉప్పు డబ్బా చూశాను. అది శాండ్‌విచ్ నోటి దాకా ఎత్తగానే నా కళ్ళు వాటంతటవే లేచి దాని నోటి మీద వాలాయి.

అది కిందికి దించేసింది.

ఐపోయింది, చేజేతులా పోగొట్టుకున్నాను అనుకున్నాను. అది చాకు తీసుకుని శాండ్‌విచ్‌ని సగానికి కోసి, ఒక సగం నా ముందుకు తోసింది.

"నువ్వు తిను."

"నేనా? నేనెట్లా తింటాను నాన్నా? నీకు తెలుసు కదా."

"జస్ట్ వన్ బైట్. చిన్నది."

ఆ మాట నాదే. పొద్దునా సాయంత్రం దానితో నేను అనేదే, ఒక్క ముద్ద, చిన్నది. గొంతులో వెటకారం ఏమీ లేదు. రెండు చేతులూ గడ్డం కింద పెట్టుకుని నా వంక చూస్తూ కూర్చుంది. నేను కూర్చునేది అచ్చం అలాగే.

చేతిలోకి తీసుకున్నాను. నేను తింటే అదీ తింటుందేమోనన్న ఆశతో విషమైనా మింగేదాన్ని. నోటి దగ్గరికి తెచ్చాను. నోరు తెరుద్దామంటే దవడలు నా మాట వినలేదు. తల ఎత్తితే దాని కళ్ళు. దించితే కంచంలో కూడా దాని కళ్ళే. ఒళ్ళంతా చెమట పట్టింది. మనసులో ఎంత తినాలని ఉన్నా ఒళ్ళు వద్దంటే ఎవరేం చేయగలరు?

"నువ్వట్లా చూస్తూ కూర్చుంటే నేనెట్లా తినను తల్లీ?" అన్నాను.

అన్నాక ఆ మాట నాకు వినబడింది.

దాని కళ్ళలో నీళ్ళు నిండాయి. లేచి, కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని, నాకు వీపు పెట్టి కూర్చుంది. స్వెట్టర్ లోంచి వెన్నుపూసలు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి.

"నేను చూడను అమ్మా. నువ్వు తిను."

నేనూ లేచాను. నా కుర్చీ పొయ్యి వైపు తిప్పుకున్నాను. కళ్ళు మూసుకుని అంచున చిన్న ముక్క కొరికాను. తియ్యగా, అల్లం ఘాటుగా ఉంది. మింగానో లేదో ఇప్పటికీ సరిగా చెప్పలేను. నోట్లో అదుండగానే వెనక నుంచి కంచం మెల్లగా చప్పుడు చేసింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత నమిలే చప్పుడు, ఆగి, మళ్ళీ నమిలే చప్పుడు.

మెడ పట్టేసింది. అయినా నేను వెనక్కి తిరగలేదు.