చెల్లెలు గట్టిగా నవ్వితే

మా చెల్లెలు పోయింది. నవ్వుతూ పోయిందట, పుణ్యాత్మురాలు అని ఊళ్ళో అనుకుంటున్నారు. అది నిజం కాదు. అందుకే రాయడం చేతకాకపోయినా రాస్తున్నాను.

యాభై దాటినా ఆమెకు వచ్చిన మాటలు కొన్నే. ఆటిజం అని రాజమండ్రి డాక్టరు చెప్పేదాకా మాకు ఆ పేరు తెలియదు. ఊరు పెట్టిన పేర్లు మాత్రం చాలా ఉండేవి. అన్నంలో కూర కలిపితే ముట్టేది కాదు. ఉత్తి అన్నం తినేసి, కూర తర్వాత విడిగా తినేది. కొబ్బరికాయలు వలిచేచోట కూర్చుని ఒక్కో కాయా చెవి దగ్గర ఆడించి, నీళ్ళు లేనిదాన్ని పక్కకు దొర్లించేది. పనయ్యాక నా వైపు చూసి, "అయిపోయిందా అన్నయ్యా?" అనేది. వాన వెలిసినా అదే మాట.

సంతోషం వస్తే ఆమెకు చప్పుడుండదు. కొంగు నములుతూ ఊగేది. నొప్పి వస్తే నవ్వేది. కాలి మీద కాయ పడి గోరు ఊడిన రోజున వీధి చివరికి వినబడేలా నవ్వింది. "అది గట్టిగా నవ్విందంటే ఒళ్ళు తడిమి చూడండ్రా" అనేది మా అమ్మ, ఉన్నన్నాళ్ళూ.

ఆ పొద్దున పొట్ట పట్టుకుని, ముడుచుకుపోయి నవ్వుతుంటే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు పొట్ట నొక్కారు. పకపకా నవ్వింది.

"చక్కిలిగిలి లాగుంది" అన్నారాయన.

"నొప్పొస్తే ఇలాగే నవ్వుద్దండి."

"నొప్పొస్తే ఎవరన్నా నవ్వుతారా పెద్దాయనా?"

నర్సమ్మ అందుకుంది. "మా అత్తగారికి నొప్పి లేకపోయినా ఏడుపేనండి. ఓసారి తీసుకొచ్చి ఈవిణ్ణి చూపించాలి."

ఇద్దరూ నవ్వారు. వాళ్ళతోపాటు చెల్లెలూ నవ్వుతూనే ఉంది.

"స్కానింగన్నా తీయించండి బాబూ" అన్నాను.

"కదలకుండా పడుకుంటుందా ఈవిడ? గ్యాసుకి రాస్తున్నాను. తగ్గకపోతే మానసిక డాక్టరుకి చూపించుకోండి."

సూది వేశారు. ఆటో ఎక్కాక, "అయిపోయిందా అన్నయ్యా?" అంది. అయిపోయిందమ్మా అన్నాను.

మర్నాడు మళ్ళీ తీసుకెళితే, చీటీ చూసి, మానసిక డాక్టరు శుక్రవారమే వస్తారని గేటు దగ్గరే పంపేశారు. ఇంటి ముందు ఆటో దిగుతుంటే పక్కింటావిడ, "ఏంటండీ, మీ చెల్లాయి ఇవాళ తెగ సంబరంగా ఉందీ" అంది. మధ్యాహ్నానికి నవ్వు ఆగిపోయింది. వెంటనే మళ్ళీ ఆటో పిలిచాను. కాకినాడ తీసుకెళ్ళాం. అక్కడ స్కానింగ్ తీశారు. కదలకుండానే పడుకుంది. అపెండిక్స్ పగిలిపోయిందన్నారు. ఆపరేషన్‌కి తీసుకెళ్ళేలోపే పోయింది.

ఇలాంటివాళ్ళు ఇంకా చాలామంది ఇళ్ళలో ఉన్నారు. వాళ్ళు మీ ఆసుపత్రికి వస్తే, వెంట వచ్చినవాళ్ళను ఒక్క మాట అడగండయ్యా: నొప్పి పుడితే ఈ మనిషి ఏం చేస్తుంది అని. చెప్పింది నమ్మండి. ఇంతకంటే అడగడం నాకు రాదు.

పెద్దకర్మకు ఫోటో కావాలంటే, మా అబ్బాయి ఫోనులో వెతికి బాగా నవ్వుతున్నదాన్ని పెద్దది చేయించాడు. ఎంత కళగా ఉందో అన్నారు వచ్చినవాళ్ళందరూ. అది పిప్పిపన్ను సలుపుతున్న రోజున తీసింది. గోడకు తగిలించి దండ వేశాం. వాచిన బుగ్గ మీదికి దండ వచ్చింది. నోరంతా తెరిచి నవ్వుతోంది.